ముందు బడి చూడండి, తర్వాతే ఇల్లు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పిల్లల్ని తీసుకుని ఒక్క ఏడాది దక్షిణ యూరప్ పల్లెలో ఉండి రావాలనుకునే వాళ్ళ నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. దేశానికో నిబంధన ఉంటుంది కాబట్టి అన్ని దేశాలనూ కలగలిపి చెబితే ఎవరికీ ఉపయోగపడదు. అందుకని ఎక్కువమంది అడిగిన స్పెయిన్‌నే తీసుకున్నాం. అందులోనూ దక్షిణాన అండలూసియా, గ్రనాడా ప్రావిన్స్‌లోని అల్పుహారా కొండ ఊళ్ళు. సియెర్రా నెవాదా పర్వతాల దక్షిణపు వాలు మీద తెల్లటి ఇళ్ళు, చదును కప్పులు, మధ్యయుగాల ముస్లిం పాలకులైన మూరుల కాలం నాటి సాగునీటి కాలువలు ఉన్న ప్రాంతమిది.

ప్ర: పిల్లలకు ఏడేళ్ళు, పదకొండేళ్ళు. పొలాల మధ్య పాత ఇల్లు ఒకటి ఫొటోల్లో చాలా బాగుంది, అద్దె కూడా తక్కువే. తీసుకోవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జ: వద్దండీ. కనీసం మొదటి ఏడాదికి వద్దు. అలాంటి పొలంలో ఇంటిని అక్కడ కొర్తిహో అంటారు. చాలావాటికి మట్టిబాటే దారి. నీళ్ళు బావి నుంచో, వంతులవారీగా వదిలే కాలువ నుంచో వస్తాయి. కొన్నింటికి కరెంటు సోలార్ పలకల మీదే. ఫైబర్ ఇంటర్నెట్ ఊళ్ళో ఉన్నా, కిలోమీటరు దూరంలో ఉన్న కొర్తిహోకు రాకపోవచ్చు. ఇవన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది పిల్లల ఒంటరితనం. అక్కడ పిల్లలు సాయంత్రం ఆరు దాటాక ఊరి నడుమ ఉండే చౌకులో, అంటే ప్లాసాలో, చేరి ఆడుకుంటారు. భాష వచ్చేది తరగతిలో కన్నా అక్కడే ఎక్కువ. కారెక్కితే తప్ప ప్లాసాకు చేరలేని ఇంట్లో ఉన్న పిల్లలకు ఆ సాయంత్రాలు పోతాయి.

కాబట్టి ముందు బడి చూసుకోండి, బడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు వెతకండి. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల, ఆరోగ్య కేంద్రం, మందుల షాపు, రోజూ బస్సు, ఈ నాలుగూ ఉండాలి. అల్పుహారాలో ఓర్హివా, లాన్హరోన్ అలాంటివి. ఓర్హివాలో హైస్కూలు కూడా ఉంది, గురువారం సంత జరుగుతుంది, విదేశీ కుటుంబాలు చాలాకాలంగా ఉన్నాయి కాబట్టి బడికి కొత్త భాష పిల్లలు కొత్త కాదు. దాని ఎత్తు సుమారు 450 మీటర్లు, చలి భరించేలా ఉంటుంది. ఫొటోల్లో కనిపించే కపిలేయిరా 1,400 మీటర్ల పైన ఉంది. చూడటానికి అందమైనదే, కానీ జనవరిలో అక్కడ పిల్లలతో కాపురం వేరే సంగతి.

మరీ చిన్న ఊళ్ళ బడుల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు కలిసి ఉంటాయి. తరగతిలో పది పన్నెండు మంది మాత్రమే ఉండటం ఏడేళ్ళ బిడ్డకు వరమే. పదకొండేళ్ళ బిడ్డకు మాత్రం తన ఈడు వాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ళతో కుదరకపోతే ఆ ఏడాదంతా అంతే. పెద్దవాడి ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో బడికి ఫోన్ చేసి అడగండి, చెబుతారు.

ప్ర: నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. పొదుపు చూపించి నాన్-లూక్రేటివ్ వీసా తీసుకుని, అక్కడి నుంచి నా ఉద్యోగం నేను చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జ: ఆ మాట వినకండి. ఆ వీసా పని చేయకుండా బతకగలిగే వాళ్ళ కోసం. దూరం నుంచి చేసే పని కూడా పనే. దీనికి చూపాల్సిన సొమ్ము ఇప్రెమ్ అనే సూచికను బట్టి ఉంటుంది. అది నెలకు 600 యూరోలు ఉన్నప్పుడు దరఖాస్తుదారుకు దానికి నాలుగింతలు, తోడు వచ్చే ప్రతి మనిషికీ మరో 600. నలుగురి కుటుంబానికి ఏడాదికి 50,400 యూరోలు. పింఛను, అద్దెలు, డిపాజిట్ల మీద బతికే వాళ్ళకు ఇది సరైన దారి.

మీకు సరిపోయేది డిజిటల్ నోమాడ్ వీసా, అంటే బయటి కంపెనీలకు దూరం నుంచి పనిచేసే వాళ్ళకిచ్చేది. 2022 చివర్లో వచ్చిన స్టార్టప్ చట్టంతో మొదలైంది. దీనికి ఆదాయం కనీస వేతనంతో ముడిపడి ఉంటుంది: మీకు రెండింతలు, భార్యకు లేదా భర్తకు ముప్పావు వంతు, ఆపై ప్రతి బిడ్డకూ పావు వంతు. 2025 కనీస వేతనం ఏడాదికి 14 విడతలుగా 1,184 యూరోలు, 12 నెలలకు పరిస్తే 1,381. అలా ఆ ఏడాది నలుగురికి నెలకు దాదాపు 4,490 యూరోలు చూపాల్సి వచ్చింది. కనీస వేతనం మారితే ఇదీ మారుతుంది. దరఖాస్తు నాటికి మీ కంపెనీతో కనీసం మూడు నెలల సంబంధం ఉండాలి, కంపెనీకి కనీసం ఏడాది వయసు ఉండాలి. మీకు డిగ్రీ గానీ మూడేళ్ళ అనుభవం గానీ కావాలి.

చాలామంది తట్టుకుని పడేది ఒక్కచోటే, సోషల్ సెక్యూరిటీ, అంటే పింఛను, వైద్యం కోసం కట్టే చందా దగ్గర. జీతం మీద పనిచేసే మనిషి తన దేశపు భద్రతా పథకం స్పెయిన్‌లోనూ వర్తిస్తుందని సర్టిఫికెట్ చూపాలి, లేదా కంపెనీ అక్కడ నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్ రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంటేనే వస్తుంది. పోర్చుగల్‌తో మనకు అలాంటి ఒప్పందం 2017 నుంచి అమలులో ఉంది. స్పెయిన్ విషయంలో ఆ వెసులుబాటు ఉందని అనుకుని లెక్క వేసుకోకండి. అందుకే చాలామంది కంపెనీతో మాట్లాడి కాంట్రాక్టు పద్ధతికి మారి, స్పెయిన్‌లో ఔతోనొమో, అంటే స్వయం ఉపాధి కింద నమోదవుతారు. కొత్తవాళ్ళకు మొదటి 12 నెలలూ చందా నెలకు 80 యూరోల చొప్పున, దాని మీద చిన్న అదనపు మొత్తం ఉంటుంది. మీ హెచ్‌ఆర్ దీనికి ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తెలిశాకే మిగతా పనులు మొదలుపెట్టండి.

ప్ర: పిల్లల జనన ధ్రువపత్రాల్లో ఒకదానిలో పేరే లేదు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మా ఆవిడ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఇబ్బంది అవుతుందా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జ: ధ్రువపత్రంలో పేరు లేకపోతే ఇబ్బందే. ఆస్పత్రి నుంచి వెళ్ళిన వివరాలతో మగశిశువు, ఆడశిశువు అని మాత్రమే నమోదై, తర్వాత పేరు చేర్పించని పత్రాలు మన దగ్గర చాలా ఉన్నాయి. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించి కొత్త ప్రతి తీసుకోండి. తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టుల్లో ఉన్న అక్షరాలతోనే ఉన్నాయో లేదో అప్పుడే సరిచూసుకోండి.

భార్యకు పుట్టింటి ఇంటిపేరు ఉండటం స్పెయిన్‌లో సమస్యే కాదు. అక్కడ ఆడవాళ్ళెవరూ పెళ్ళితో ఇంటిపేరు మార్చుకోరు. అయితే అక్కడ ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, తండ్రిదొకటి, తల్లిదొకటి. ఫారాల్లో రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో పాస్‌పోర్టులోని ఇంటిపేరు రాసి రెండోది ఖాళీగా వదిలేయండి. గుమస్తా మీ పేరులోని ఒక ముక్కను తెచ్చి రెండో గడిలో పెట్టబోతే మర్యాదగానే ఆపండి. బడిలో ఒకలా, పోలీసులు ఇచ్చే గుర్తింపు కార్డులో ఒకలా పడితే తర్వాత సరిచేయడానికి నెలలు పడుతుంది.

కాగితాల వరుస ముఖ్యం. జనన ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, డిగ్రీ పట్టా, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్, వీటికి ముందు అవసరమైన చోట రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి వేసే ముద్ర), ఆ తర్వాతే స్పానిష్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనువాదకుల చేత అనువాదం. అనువాదం ముందు చేయించి అపోస్టిల్ తర్వాత వేయిస్తే, ఆ అపోస్టిల్ ముద్ర అనువాదంలో ఉండదు కాబట్టి మళ్ళీ డబ్బు కట్టాల్సి వస్తుంది. పోలీస్ క్లియరెన్స్‌ను అన్నిటికన్నా చివర తీసుకోండి, దానికి కాలపరిమితి తక్కువ. పిల్లల పాస్‌పోర్టులకు ఐదేళ్ళే గడువు కనుక అదీ చూసుకోండి.

అక్కడ దిగాక మొదటి పని అయుంతామియెంతో, అంటే ఊరి పురపాలక కార్యాలయానికి వెళ్ళి పద్రోన్‌లో పేర్లు ఎక్కించుకోవడం. ఇది నివాస నమోదు. అద్దె ఒప్పందం, పాస్‌పోర్టులు చాలు. ఈ కాగితం లేకపోతే బడిలో చేర్పించడం, ఆరోగ్య కార్డు, అన్నీ ఆగుతాయి. రెండోది విదేశీయుల గుర్తింపు కార్డు, దాన్ని తియె అంటారు. వచ్చిన నెలలోపు దరఖాస్తు చేయాలి, వేలిముద్రల కోసం గ్రనాడా నగరంలోని జాతీయ పోలీసుల కార్యాలయానికి వెళ్ళాలి. అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు. దిగిన మర్నాడే ప్రయత్నం మొదలుపెట్టండి.

ప్ర: మా పాపకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఏ తరగతిలో వేస్తారు? అర్థం కాక ఏడ్చి కూర్చుంటుందేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి, వరంగల్

జ: తరగతిని పుట్టిన క్యాలెండర్ సంవత్సరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆరేళ్ళు నిండే సంవత్సరం సెప్టెంబరులో ఒకటో తరగతి. 2017 జనవరిలో పుట్టినా డిసెంబరులో పుట్టినా 2023 సెప్టెంబరులో ఒకటి, 2026 సెప్టెంబరులో నాలుగు. అందువల్ల అక్టోబరు తర్వాత పుట్టిన పిల్లలు అక్కడ తరగతిలో అందరికన్నా చిన్నవాళ్ళుగా ఉంటారు, మన దగ్గరి కన్నా ఒక తరగతి పైన పడే అవకాశం ఉంది. భాష రాని పిల్లల్ని ఒక తరగతి కింద వేయమని అడగడానికి వీలుంది. ఏడాదికే వెళ్తున్న మీరు ఆ మాట మొదటి రోజే బడి పెద్దతో మాట్లాడండి.

అండలూసియాలో ప్రవేశ దరఖాస్తులు మార్చి నెలలో తీసుకుంటారు. అప్పటికి మీరు ఇక్కడే ఉంటారు, పద్రోన్ ఉండదు. ఫరవాలేదు, గడువు దాటాక వచ్చే పిల్లలకూ సీటు ఇవ్వాల్సిందే. ఆరు నుంచి పదహారు దాకా చదువు తప్పనిసరి, ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు కూడా ప్రభుత్వ పథకం కింద ఉచితం. ఆ పుస్తకాల్ని ఏడాది చివర తిరిగి ఇవ్వాలి కాబట్టి వాటి మీద రాయనివ్వకండి. నోటుపుస్తకాలు, రంగులు, చేతిపని సామగ్రి మీరే కొనాలి.

బడి ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు వరకూ ఒకే పూట. నడుమ విరామంలో తినడానికి పండో, రొట్టెముక్కల మధ్య ఏదైనా పెట్టిందో పంపాలి. భోజనం రెండు దాటాకే. బడి భోజనశాల ఉన్నా చాలామంది పిల్లలు ఇంటికెళ్ళి తింటారు. మనవాళ్ళు మొదట ఇబ్బంది పడేది ఈ వేళలతోనే. అక్కడ రాత్రి భోజనం తొమ్మిదికి, పిల్లలు కూడా ఆలస్యంగా పడుకుంటారు. ఎనిమిదికే పడుకోబెట్టాలని పట్టుబడితే పాపకు స్నేహితులు దొరికే సమయమే పోతుంది.

భాష విషయంలో నిజం చెబుతాం. మొదటి రెండు మూడు నెలలు పాప తరగతిలో దాదాపు మౌనంగా ఉంటుంది. అది వెనకబాటు కాదు, చెవి ముందు నిండాలి, నోరు తర్వాత తెరుచుకుంటుంది. ఆ నెలల్లో ఇంటికి రాగానే 'ఏం నేర్చుకున్నావు, స్పానిష్‌లో ఒక మాట చెప్పు' అని అడగకండి. అలసిపోయి వస్తుంది, తెలుగులో కడుపునిండా మాట్లాడనివ్వండి. అండలూసియా బడుల్లో విదేశీ పిల్లలకు భాష నేర్పే ప్రత్యేక తరగతులు ఉన్నాయి, వాటి పేరు ఆతల్. కొన్నిచోట్ల టీచరు వారానికి కొన్ని గంటలు ఒక బడి నుంచి ఇంకో బడికి తిరుగుతారు. మీ బడికి వస్తారా అని చేర్పించేటప్పుడే అడగండి. ఇంకో సంగతి. అండలూసియా పలుకుబడిలో మాట చివరి 'స్' తరచూ మింగేస్తారు. యాప్‌లో నేర్చుకున్న స్పానిష్ మొదట అక్కడ చెవికి అందదు. వెళ్ళే ముందు అక్కడి ఉచ్చారణతో మాట్లాడే వాళ్ళ వీడియోలు పాపకు వినిపించండి.

లెక్కల్లో తెలివైన పిల్లలు కూడా మొదట తడబడతారు, కారణం పద్ధతుల తేడా. భాగహారంలో మనం భాజకాన్ని ఎడమ పక్కన రాస్తాం. వాళ్ళు కుడి పక్కన గీతలో పెట్టి, భాగఫలాన్ని దాని కింద రాస్తారు. దశాంశానికి చుక్క కాదు, కామా. వెయ్యికి కామా కాదు, చుక్క: మన 1,500 వాళ్ళకు 1.500, మన 2.5 వాళ్ళకు 2,5. పైగా చిన్న తరగతుల నుంచీ కలిపిరాత. విడివిడి అక్షరాలకు అలవాటైన పాప బోర్డు మీదిది చదవలేకపోతే అది స్పానిష్ రాక కాదు, ఆ రాత తెలియక. వేసవిలోనే నెల రోజులు కలిపిరాత, ఆ భాగహార పద్ధతి ఇంట్లో చేయించి తీసుకెళ్ళండి. ఆ ఒక్క లెక్కల గంటలో తాను అందరితో సమానమన్న ధైర్యం వస్తే మిగతా గంటల మౌనాన్ని పాప సులువుగా దాటుతుంది.

టీచర్లను పేరు పెట్టి పిలుస్తారు, చిన్నపిల్లలైతే 'సెన్యో' అంటారు. లేచి నిలబడటం, మేడమ్ అనటం ఉండవు. పాపకు ముందే చెప్పండి, లేకపోతే ఏదో తప్పు జరుగుతోందని బెదురుతుంది. చేర్పించే ఫారంలో కాథలిక్ మతబోధ కావాలా, దానికి బదులు వేరే తరగతి కావాలా అని అడుగుతారు. మీ ఇష్టం, రెండూ మామూలే.

ప్ర: మా అబ్బాయి ఎనిమిది పూర్తి చేస్తున్నాడు. తొమ్మిదో తరగతి ఏడాది అక్కడ చదివించి పదో తరగతికి తిరిగి వస్తే? – ఒక పాఠకుడు, గుంటూరు

జ: మా సలహా వద్దనే. సీబీఎస్ఈలో పదో తరగతి పరీక్షకు నమోదు తొమ్మిదిలోనే జరుగుతుంది, నేరుగా పదిలో చేరడానికి షరతులు ఉన్నాయి. అంతకన్నా పెద్దది స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, ఇక్కడ చదివి ఉండాలన్నది స్థానిక అభ్యర్థికి మూల సూత్రం. తెలంగాణలో మెడికల్ సీట్ల విషయంలో ఇదే నాలుగేళ్ళ నిబంధన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2025లో నిలబడింది. మినహాయింపులు ఉన్నా వాటి మీద ఆశ పెట్టుకుని ఒక సరదా ఏడాదికి బయల్దేరవద్దు. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఎప్పుడైనా వెళ్ళి రండి. మీ అబ్బాయికైతే ఒక వేసవి సెలవు చాలు.

తిరిగొచ్చే వాళ్ళకు: అక్కడ బడి జూన్ 20 దాటాక ముగుస్తుంది, మన రాష్ట్ర బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. వారం పది రోజుల ఆలస్యం గురించి ఇక్కడి బడికి ముందే రాసి ఇవ్వండి. సీబీఎస్ఈ బడులు ఏప్రిల్‌లోనే మొదలవుతాయి కాబట్టి వాటిలో కొన్ని వారాల పాఠాలు పోతాయి. మార్కుల జాబితా, చదివిన తరగతి ధ్రువపత్రం జూన్‌లోనే సంతకంతో తీసుకోండి. జులై, ఆగస్టుల్లో బడి ఆఫీసులో మనిషి దొరకడం కష్టం. తెలుగు, హిందీ పుస్తకాలు మోసుకెళ్ళక్కర్లేదు, ఎన్‌సీఈఆర్‌టీ, రాష్ట్ర పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. తెలుగు చదవడం, రాయడం మాత్రం రోజూ అరగంట మానకండి. పది దాటని పిల్లలు మాట మర్చిపోరు గానీ ఏడాదిలో గుణింతాలు మర్చిపోతారు.

ప్ర: దక్షిణ స్పెయిన్ అంటే ఎండ దేశం కదా, చలి సంగతి ఎందుకు అందరూ అంత గట్టిగా చెబుతారు? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జ: బయట ఎండ ఉంటుంది, చలి ఇంట్లో ఉంటుంది. మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు ఎండాకాలం కోసం కట్టినవి. డిసెంబరు నుంచి మార్చి దాకా వేడి చేయని గది 12, 13 డిగ్రీల దగ్గర నిలిచిపోతుంది. అందుకని ఇల్లు చూసేటప్పుడు ముందు అడగాల్సింది గది వేడి చేసే పొయ్యి గురించి.

చవకగా దొరికేది గ్యాస్ హీటర్. 12.5 కిలోల నారింజరంగు బుతానో సిలిండర్ దాని వెనక కూర్చుంటుంది. పూర్తి మంట మీద గంటకు 300 గ్రాములు, అంటే సిలిండర్ నలభై గంటలు. కానీ కిలో బ్యూటేన్ మండితే కిలోన్నర నీటి ఆవిరి గదిలోకి వస్తుంది. ఒక్క సిలిండర్ అయ్యేసరికి 19 లీటర్ల నీళ్ళు మీ గోడలకు, పరుపులకు పట్టినట్టే. నల్ల బూజు, పిల్లలకు దగ్గు అందుకే. కిటికీ కాస్త తెరిచి ఉంచకుండా దాన్ని వాడకూడదు, పిల్లలు పడుకున్న గదిలో అసలు వద్దు, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. ఇంకో చిక్కు: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కాదు. పై ఊళ్ళలో గ్యాస్ గీజరు సిలిండర్ బయట పెడితే తెల్లవారుజామున స్నానానికి వేడినీళ్ళు రావు. బయట పెట్టాలంటే ప్రొపేన్ సిలిండర్ తీసుకోవాలి. సిలిండర్ ఖాళీది ఇచ్చి నిండుది తీసుకునే పద్ధతి, కాబట్టి ఇంట్లో కనీసం రెండు ఉన్నాయేమో చూసుకోండి.

పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి గానీ పెల్లెట్ (రంపపు పొట్టు గుళికల) పొయ్యి గానీ ఉన్న ఇల్లు మేలు. పెల్లెట్లు 15 కిలోల సంచుల్లో వస్తాయి, బాగా చలి ఉన్న రోజున ఒక సంచి దాకా ఖర్చవుతుంది. పొగగొట్టం చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో యజమానిని అడగండి. కట్టెలు అక్టోబరుకు ముందే కొని ఆరబెట్టుకోవాలి. పచ్చికట్టె పొగే ఇస్తుంది.

కరెంటుది మరో లెక్క. అక్కడ ఒక్కసారిగా ఎంత వాడొచ్చో ఒప్పందంలో ఉంటుంది, పాత ఇళ్ళలో తరచూ 3.45 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యి 1.8, గీజరు 1.5, మన మిక్సీ 0.75 కలిపితే 4.05. చట్నీ రుబ్బుతుండగా ఇల్లంతా చీకటి. వెంటనే స్విచ్ మళ్ళీ పైకి వేయకండి. ఒకటి రెండు వస్తువులు ఆపి, మెయిన్ స్విచ్ కిందికి వేసి కొద్ది సెకన్లయ్యాక పైకి వేయండి. నలుగురికి 4.6 కిలోవాట్లు సరిపోతాయి, కంపెనీకి చెబితే పెంచుతారు. వోల్టేజి మనదే, 230. మూడు గుండ్రటి కాళ్ళ మన ప్లగ్గు మాత్రం పట్టదు.

ఒప్పందంలో ఒక మాట. నివాసానికి తీసుకునే మామూలు అద్దె ఒప్పందంలో నెల అద్దె డిపాజిట్, ఆరు నెలలు దాటాక 30 రోజుల ముందు చెప్పి ఖాళీ చేయొచ్చు. 'తెంపొరాదా' అంటే సీజన్ ఒప్పందం. దానికి రెండు నెలల డిపాజిట్, మధ్యలో వెళ్ళే హక్కు ఒప్పందంలో రాసి ఉంటేనే. బడి సెలవుల్లో ఇల్లు పర్యాటకులకు కావాలని జూన్‌లోనే పొమ్మనే యజమానులుంటారు, తేదీలు జాగ్రత్తగా చదవండి.

ప్ర: మనవలకు నెయ్యి, ఆవకాయ, కరివేపాకు కట్టి పంపుదామని. ఏవి పంపొచ్చు? – ఒక అమ్మమ్మ, తెనాలి

జ: ఆవకాయ, మాగాయ, గోంగూర, పొడులు, చింతపండు, వడియాలు హాయిగా పంపండమ్మా. డబ్బాను రెండు కవర్లలో కట్టి చెక్-ఇన్ సామానులో పెట్టమనండి. నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు వద్దు. బయటి దేశాల నుంచి పాలతో, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా ప్రత్యేక ధ్రువపత్రం లేకుండా కుదరదు. కరివేపాకు నీడలో ఎండబెట్టి పొడి చేసి పంపండి.

నెయ్యి అక్కడే కాచుకోవచ్చు. ఉప్పులేని వెన్న, 'మంతెకీయా సిన్ సాల్' అని ఉంటుంది. 250 గ్రాముల పొట్లానికి 200 గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. పెసలు 'సోహా వెర్దె' అనే పేరుతో అమ్ముతారు. ఇడ్లీ బియ్యం బదులు 'వపొరిసాదో' అని రాసి ఉన్న ఉప్పుడు బియ్యం పనికొస్తుంది. కందిపప్పు, మినప్పప్పు పల్లెలో దొరకవు, ఆన్‌లైన్లోనో పెద్ద నగరాల్లోని ఆసియా దుకాణాల్లోనో నెలకోసారి తెప్పించుకోవాలి. పిండి చలికి పులవకపోతే ఓవెన్‌లో దీపం మాత్రమే వేసి రాత్రంతా లోపల ఉంచమనండి. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు, స్టీల్‌ది పంపండి.

శాకాహారులైతే ఒక జాగ్రత్త చెప్పండి. అక్కడ కూరగాయల వంటకంలో కూడా పందిమాంసం ముక్కలు వేస్తారు, పప్పుచారులాంటి లెంతేహాస్‌లో చొరీసో, అంటే పందిమాంసం సాసేజి ఉంటుంది. 'సిన్ కార్నె', అంటే మాంసం లేకుండా అని చెబితే చాలదు, ఆ ముక్కల్ని, చేపను మాంసం కిందే లెక్కపెట్టని వాళ్ళుంటారు. 'సిన్ హామోన్, సిన్ చొరీసో, సిన్ పెస్కాదో' (పంది తొడమాంసం, సాసేజి, చేప లేకుండా) అని విడివిడిగా చెప్పాలి.

ప్ర: మన డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందా? ఆస్పత్రి అవసరం పడితే? – ఒక పాఠకుడు, కరీంనగర్

జ: అంతర్జాతీయ పర్మిట్‌తో కలిపి, నివాసం మొదలైన నాటి నుంచి ఆరు నెలలే. ఆ తర్వాత మన లైసెన్సుకు మార్పిడి లేదు, అక్కడి పరీక్ష రాయాలి. థియరీలో 30 ప్రశ్నలు, మూడు తప్పుల దాకా ఒప్పుకుంటారు, ఇంగ్లిష్‌లో రాయొచ్చు. ఆరో నెల దాటి నడిపితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కూడా చిక్కులో పడుతుంది. బస్సున్న ఊరు ఎంచుకోమనడానికి ఇదీ ఒక కారణం. 135 సెంటీమీటర్ల లోపు పిల్లలకు వెనక సీటు, ప్రత్యేక కుర్చీ తప్పనిసరి.

ఆరోగ్యానికి, వీసా కోసం తీసుకునే ప్రైవేటు బీమాలో ప్రతిసారీ మన వాటా కట్టే షరతు ఉండకూడదు. సోషల్ సెక్యూరిటీలో చేరితే ప్రభుత్వ వైద్యం కుటుంబానికంతా వస్తుంది. ఓర్హివా పక్క వాళ్ళకు పెద్దాసుపత్రి తీరంలోని మోత్రిల్‌లో ఉంది. అత్యవసరానికి 112. టీకాల కార్డు అనువాదం చేయించి తీసుకెళ్ళండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పైన్ చెట్ల కింద వరుసగా ఒకదాని వెనక ఒకటి పాకే గొంగళిపురుగులు కనబడతాయి. వాటి నూగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళకు మరీ ప్రమాదం. పిల్లలకు మొదటి వారంలోనే చెప్పండి.

ప్ర: మేం డాలస్‌లో ఉంటాం, గ్రీన్‌కార్డు ఉంది. పన్నుల సంగతి కూడా చెప్పండి. – ఒక పాఠకురాలు

జ: ఏడాది, అంతకు మించి బయట ఉండాలనుకుంటే అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కు, అంటే తిరిగి రావడానికి ముందస్తు అనుమతికి దరఖాస్తు చేయండి. ఆరు నెలలు దాటితే పౌరసత్వానికి లెక్కించే కాలానికి అంతరాయం అయినట్టు భావించవచ్చు. పన్నుకు స్పెయిన్‌లో క్యాలెండర్ సంవత్సరంలో 183 రోజులు దాటితే నివాసి. సెప్టెంబరు 1న వచ్చి జూన్ 25న వెళ్ళిపోతే ఆ ఏడాది 122, మరుసటి ఏడాది 176 రోజులు, రెండూ లోపలే. అయితే రోజుల లెక్క ఒక్కటే చాలదు. ఆదాయానికి కేంద్రం ఎక్కడన్నదీ, భార్యాపిల్లలు ఎక్కడున్నారన్నదీ చూస్తారు. ఈ విషయంలో మాత్రం ఖర్చుకు వెనకాడకుండా పన్ను సలహాదారును కలవండి. బయటి దేశాల్లో 50,000 యూరోలు దాటిన ఆస్తులు నివాసులు ప్రకటించాల్సి ఉంటుంది, ఊళ్ళో ఇల్లు, స్థలం కూడా అందులోకి వస్తాయి.

ప్ర: నేను నాలుగో తరగతి. సెప్టెంబర్‌లో వెళ్తున్నాం. నాతో ఎవరైనా ఆడుకుంటారా? – ఒక చిన్నారి, కాకినాడ

జ: ఆడుకుంటారమ్మా. నీతో ఒక బంతి, ఒక తాడు తీసుకెళ్ళు. అష్టాచెమ్మాకు గవ్వలు కూడా పెట్టుకో, అది మాటలు రాకపోయినా నేర్పగలిగే ఆట. సాయంత్రం ప్లాసాకు రోజూ ఒకే వేళకు వెళ్ళు. మొదటి వారం దూరం నుంచి చూస్తారు, అప్పుడు ఇంటికి వచ్చేయకు, అక్కడే ఆడుకుంటూ ఉండు. పుట్టినరోజుకు పిలిస్తే తప్పకుండా వెళ్ళు. జనవరి 5 రాత్రి ముగ్గురు రాజుల ఊరేగింపులో మిఠాయిలు విసురుతారు, సంచి తీసుకెళ్ళు. ఇప్పటి నుంచి ఒక్క మాట నేర్చుకుని అద్దం ముందు రోజూ చెప్పుకో: 'ప్వేదో హుగార్?' నేనూ ఆడొచ్చా అని.